మైకులో చదివిన పేరు

కోర్టు వరండాలో నవ్వు విని లేయా గుమ్మంలోనే ఆగిపోయింది.

నవ్వుతున్నవాళ్ళకి రమణమ్మ కేసుతో ఏ సంబంధమూ లేదు. మామిడికాయల లారీ తగాదాలో సాక్ష్యం చెప్పడానికి వచ్చి, పిలుపు ఆలస్యమైతే స్తంభాలకి వీపులానించి కూర్చున్న నలుగురైదుగురు. వాళ్ళకెదురుగా గోడవార రమణమ్మ నిలబడి ఉంది. కొంగు పొట్టమీదుగా లాగి, దానిమీద రెండు చేతులూ కట్టుకుని, నేలకేసి చూస్తోంది. ఐదు నిండి ఆరో నెల నడుస్తోంది. ఎంత కొంగు లాగినా దాగేది కాదు.

"మన ఆపరేషన్ పోతురాజు భార్య కదూ!" అన్నాడొకడు, గాలితో చెబుతున్నట్టు. "గవర్నమెంటు వద్దన్నా దేవుడు ఇస్తూనే ఉన్నాడ్రోయ్!"

మళ్ళీ నవ్వు.

లేయాకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లచీర మీద వేసుకున్న నల్లకోటు సర్దుకుని, తిన్నగా వాళ్ళ దగ్గరికి నడిచింది.

"మీ కేసేంటి?"

వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. నూజివీడు కోర్టులో ఆడ ప్లీడరు ఒకావిడ ఉందని విన్నారు గాని, ఆవిడ వచ్చి నెత్తిమీద నిలబడుతుందని అనుకోలేదు.

"లారీ కేసండి."

"లారీ గురించి మాట్లాడుకోండి. ఆవిడ పేరు ఇంకోసారి వినపడితే మేజిస్ట్రేటు గారి ముందుకి తీసుకెళ్ళి నిలబెడతాను."

నవ్విన వాడు బీడీ తీసి చెవి సందున పెట్టుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ, "మేం కొత్తగా అన్నదేముందండీ? మైకులో చెప్పిందేగా!" అన్నాడు.

లేయా రమణమ్మ వైపు తిరిగింది. రమణమ్మ మాత్రం తల ఎత్తలేదు. "పోనివ్వండమ్మగారూ. వీళ్ళు బయటోళ్ళు. మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా అంటున్నారు," అంది.

రమణమ్మ వేసింది భరణం కేసు. భర్త ఇంట్లోంచి గెంటేశాడు, అన్నం పెట్టడం లేదు, పెట్టించండి అని. ఆ పూట అవతలి ప్లీడరు జవాబు దాఖలు చేశాడు. ప్రతివాది పోతురాజు నవంబరులో ప్రభుత్వంవారి క్యాంపులో కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నాడు. ఆ సంగతి జగమెరిగినది. ఆపరేషను తర్వాత అతను మామిడితోట కాపలాపాకలోనే పడుకున్నాడు తప్ప భార్య ముఖం చూడలేదు. కనక ఆమె గర్భం అతని వల్ల కాదు. నడత చెడిన భార్యకి భరణం ఇవ్వనక్కర్లేదు. గుమాస్తా పెద్ద గొంతుతో చదువుతున్నంతసేపూ హాల్లో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ఆ దగ్గు దగ్గు కాదు.

గురువారానికి వాయిదా వేశారు.

*

లేయా జూనియరుగా ఉన్నది బసవపున్నారావు గారి దగ్గర. ఆయనది ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు. సాయంత్రాలు వసారాలో పడక్కుర్చీ వేయించుకుని, కళ్ళు మూసుకుని కేసులు వింటాడు. నిద్రపోతున్నాడని క్లయింటు అబద్ధం చెప్పబోతే ఒక కన్ను తెరుస్తాడు.

"అసలు ఆపరేషను సంగతి మైకులో చదివే హక్కు వాళ్ళకి ఎవరిచ్చారండీ?" అంది లేయా, ఇంకా కూర్చోకుండానే. "క్యాంపులో గుట్టుగా ఉంచుతామని చెప్పి తీసుకెళ్ళారు. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేసి, బడిపిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచి, 'ఆదర్శ పౌరులు' అని పంచాయతీ ప్రెసిడెంటు ఆపరేషను చేయించుకున్నవాళ్ళ పేర్లు మైకులో చదివాడు. పిలిచి దండలు వేశాడు. పోతురాజు రాకపోతే 'సిగ్గుపడుతున్నాడు' అని మైకులోనే హాస్యమాడాడు. వాళ్ళ మీద దావా వేద్దాం."

"ఏ సెక్షను కింద?"

"పరువు నష్టం."

"నిజం చెప్పాడు. మెచ్చుకుని చెప్పాడు. దండ కూడా వేస్తానన్నాడు. దాంట్లో పరువెక్కడ నష్టమైందమ్మాయ్?"

"డాక్టరు చెప్పకూడదు కదండీ!"

ఆయన రెండు కళ్ళూ తెరిచాడు. "క్లయింటు మనతో చెప్పుకున్నది మనం చెప్పకూడదు. అది చట్టంలో ఉంది. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నదీ ఉంది. డాక్టరుది లేదు. కోర్టు పిలిస్తే వచ్చి చెప్పాల్సిందే. గురువారం ఆ క్యాంపు హెల్త్ అసిస్టెంటు వచ్చి చెబుతాడు కూడా."

"అంటే మన నోటికి తాళం వేశారు, వాళ్ళ నోటికి వెయ్యలేదా?"

"చట్టం రాసినవాళ్ళు ప్లీడర్లమ్మా."

ఆయన హాస్యానికన్నాడు గాని లేయాకి నవ్వు రాలేదు. మిషను బళ్ళో టీచరుగా చేసిన తండ్రి ఆమెకి చిన్నప్పుడే ఒక మాట నేర్పాడు, ఒకళ్ళ ఉత్తరం ఇంకొకళ్ళు విప్పకూడదని. అంత చిన్న మాట ఇంత లావు పుస్తకాల్లో ఎక్కడా లేకపోవడం ఆమెకి మింగుడు పడలేదు.

"నే చెప్పేది విను," అన్నాడు బసవపున్నారావు. "దావా సంగతి పక్కన పెట్టు. నీ కేసుకి రెండే కావాలి. ఆపరేషను అయినా బిడ్డ కలగొచ్చునా? ఆ తర్వాత ఆ ఇద్దరూ కలిసి ఉన్నారా? మొదటిది డాక్టర్ని అడుగు. రెండోది ఆ అమ్మాయిని అడుగు."

మొదటిది మర్నాడు పొద్దున్నే తేలిపోయింది. లేయా వెళ్ళే చర్చికే వచ్చే లేడీ డాక్టరొకావిడ ఆ సంగతి చెప్పింది.

"ఆపరేషను అయిన వెంటనే ఏం లాభం లేదు లేయా. కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలి. తర్వాత పరీక్ష చేసి చూడాలి. అది చెప్పకుండా ఎవరూ పంపరే?"

*

చాట్రాయిలో బస్సు దిగి, అక్కణ్ణించి తోటల మధ్య బండిబాట పట్టుకుని లేయా రమణమ్మ వాళ్ళ పల్లెకి వెళ్ళింది. పేర్లు చదివిన ప్రెసిడెంటు కేసులో సాక్షి కాకపోయినా, మనిషిని ఒకసారి చూడాలని. ప్రెసిడెంటు ఇంటి దగ్గర లేడు. ఊరి చివర షెడ్డు దగ్గరున్నాడన్నారు. ఆ చుట్టుపక్కల తోటలన్నీ ఆయనే గుత్తకి తీసుకుంటాడు.

తాటాకుల షెడ్డు కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. ముచిక దగ్గర సొన కారుతున్న కాయని పక్కకి బోర్లించి, ఆరిన కాయని గుడ్డతో తుడిచి, గంపలో గడ్డి పరిచి, కాయ, మళ్ళీ గడ్డి. బంగినపల్లి అప్పుడే దిగుతోంది. లేయాని చూసి చేతులు నిదానించాయి. ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలుసు. వాళ్ళ మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగానే ఉంది.

"రండి ప్లీడరమ్మగారూ!" ప్రెసిడెంటు లేచి నిలబడి కుర్చీ వేయించాడు. తెల్లటి పంచె, నవ్వు ముఖం. మంచి కాయ ఒకటి ఏరి కోయించబోయాడు.

"వద్దండి. ఒక మాట అడిగి వెళ్తాను. ఆపరేషను చేయించుకున్నవాళ్ళ పేర్లు మీకెవరిచ్చారు?"

"హెల్త్ అసిస్టెంటే ఇచ్చాడు. ఇందులో దాపరికం ఏముందండీ? ఈ చుట్టుపక్కల మన పంచాయతీయే ఫస్టు. కలెక్టరు గారు షీల్డు ఇస్తారంటున్నారు. దేశానికి మంచి పని చేసినవాళ్ళని నలుగురిలో మెచ్చుకోకపోతే ఇంకొకడు ముందుకొస్తాడా?"

"పోతురాజు చెప్పమన్నాడా?"

"వాడికేం తెలుసండీ, కాపలావాడు."

"మీరు పేరు చదివాకే గదా వాళ్ళింట్లో నిప్పు పడింది?"

"నిప్పు పెట్టింది నేనా? ఆపరేషను అయిన మొగుడికి పెళ్ళాం కడుపు చూపిస్తే ఊరు అనుకోదా?" గొంతు తగ్గించి, పెద్దమనిషి తరహాగా అన్నాడు. "నేనైతే ఏమీ అనలేదు. ఆ పిల్ల పక్కన కూర్చోబోమని తక్కిన ఆడవాళ్ళు గొడవ చేస్తే షెడ్డు పని మాన్పించానంతే."

ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకామె చప్పున తల ఎత్తి, మళ్ళీ దించేసింది. ఆ గొడవ చేసింది ఆడవాళ్ళు కాదని లేయాకి అర్థమైంది.

"మంచిదండి," అంది. "మరి మీరు చేయించుకున్నారా?"

"ఏంటి?"

"ఆపరేషను. మీకు నలుగురు పిల్లలని విన్నాను."

గడ్డి పరుస్తున్న చేతులు గంపల్లోనే ఉండిపోయాయి. ప్రెసిడెంటు ముఖం ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడింది.

"చదువుకున్నదానివి, ఆడదానివి! మగవాణ్ణి, పదిమంది కూలివాళ్ళలో అడిగే మాటేనా అది?"

"కాదండి," అంది లేయా లేస్తూ. "అడగకూడని మాటే. అది మీకు తెలుసో తెలీదో చూద్దామనే అడిగాను."

ఆమె బండిబాట వెంట గబగబా వెనక్కి నడిచింది. అన్నందుకు తృప్తిగానే ఉంది. కాని ఆ తృప్తి చాట్రాయి చేరేలోపే చల్లారింది. ఆయన ముఖం చిన్నబోయింది, ఇంకో గంటకి మామూలైపోతుంది. షెడ్డులో ఆ ఖాళీ చోటు మాత్రం అలాగే ఉంటుంది.

*

రమణమ్మ నూజివీడులో పిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. లేయా కబురు పెడితే బసవపున్నారావు గారింటి పెరటి వైపు వచ్చి, మెట్టు మీద కూర్చుంది. వసారాలో మగవాళ్ళు ఉంటారని. ఆమె ముంజేతుల మీద పాత సొన మచ్చలు నల్లగా, పొరలు లేచి ఉన్నాయి. ఎన్ని సీజన్లు కాయ ఏరిందో ఆ చేతులే చెబుతాయి.

"డాక్టరమ్మ చెప్పింది," అంది లేయా పక్కనే కూర్చుని. "ఆపరేషను అయిన కొత్తలో బిడ్డ రావచ్చట. ఆ మాట మీ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా," అంది రమణమ్మ. "నాకే అర్థం కాలేదు. నేనే తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు. కాని ఎట్లా వచ్చిందో తెలీదు. దేవుడెందుకిట్లా చేశాడా అని ఏడ్చేదాన్ని." ఉన్నట్టుండి ఆమె గొంతు గట్టిపడింది. "ఆ ముక్క ముందే చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"కోర్టులో అదే అడుగుతాను. కాని మీ ఆయన తోటలోనే పడుకున్నానంటున్నాడు, నీ ముఖమే చూడలేదంటున్నాడు. అది అబద్ధమని రుజువు చెయ్యాలి. జరిగింది చెప్పు. ఇక్కడెవరూ లేరు."

రమణమ్మ పెరటి గోడ వైపు చూసింది. వంటింటి తలుపు వైపు చూసింది. లేయా లేచి ఆ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఆపరేషను అయ్యాక కొన్నాళ్ళు ఇంటికి రాలేదండి. ఆ మాట నిజమే. అన్నం నేనే పాకకి తీసుకెళ్ళేదాన్ని. పెట్టేసి రమ్మనేవాడు. ఒక రోజు మధ్యాహ్నం వెళ్తే పాకలో లేడు. వెనక్కెళ్ళి చూస్తే చెట్టు మొదట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. మగమనిషి అట్లా ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. మా మామ చచ్చిపోయినప్పుడు కూడా ఏడవలేదు. 'నేనింక మగాణ్ణి కానేమో రమణా' అన్నాడు. నా ఒళ్ళో తలపెట్టి పసిపిల్లాడల్లే..." ఆగింది. "తర్వాతేముందండీ. నేను ఆయన భార్యని. ఆ రోజునించి ఇంటికి రావడం మొదలెట్టాడు."

లేయాకి గుండె తేలికపడింది. ఇది అబద్ధంలా వినపడే మాట కాదు. ఎవరు విన్నా నమ్ముతారు. పోతురాజు బోనులో నిలబడ్డప్పుడు 'చెట్టు మొదట్లో ఏడ్చావా లేదా' అని ఒక్క ప్రశ్న చాలు, గోడ కూలినట్టు కూలిపోతాడు.

"ఇది కోర్టులో చెప్పాలి."

"చెప్పను."

"నువ్వు చెప్పక్కర్లేదు. నేను అతన్ని అడుగుతాను."

"మీరూ అడగొద్దమ్మగారూ." రమణమ్మ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "నన్ను గెంటేశాడు, నాకు కోపం ఉంది. తిండి పెట్టమనండి. పెట్టకపోతే జైల్లో వేయించండి, నేనేం అడ్డు రాను. ఆ ఏడుపు సంగతి మాత్రం నా నోటినించి రాదు, మీ నోటినించి రాకూడదు. ఇప్పటికే ఆయన్ని చూసి నవ్వుతున్నారు."

"నిన్ను చూసి నవ్వడం లేదా? నడత చెడిందని కోర్టు కాగితంలో రాయించాడే, అతని మీద నీకు జాలా?"

"జాలి కాదండి," అంది రమణమ్మ. మరేమిటో చెప్పలేదు.

లేయాకి ఆమె మీద కూడా కోపం వచ్చింది. చేతికి కత్తి ఇచ్చి ఒరలోంచి తియ్యొద్దంటోంది. వీళ్ళకోసం తను ఎండలో పడి తిరుగుతుంటే! "సరే," అంది పొడిగా. ఆ 'సరే'కి అర్థం ఏమిటో ఆమె మనసులో ఆమెకే తేలలేదు.

*

గురువారం హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. కిటికీల దగ్గర కూడా తలలు. ఊళ్ళోంచి ప్రెసిడెంటు మనుషులు, పోతురాజు అన్నలు, ఏ పనీ లేని వ్యాపారస్థులు. కోర్టుకి కాదు, తోలుబొమ్మలాటకి వచ్చినట్టు వచ్చారు.

కేసు పిలవగానే లేయా లేచింది. "యువరానర్, ఇది భార్యాభర్తల సంసారం సంగతి. హాలు ఖాళీ చేయించవలసిందిగా కోరుతున్నాను. తమకా అధికారం ఉంది."

వెనక గొణుగుడు బయలుదేరింది. మేజిస్ట్రేటు చెడ్డవాడు కాదు. వయసు మళ్ళినవాడు, ఉక్కకి అలిసిపోయి ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ అన్నాడు: "ఇది బహిరంగ న్యాయస్థానం అమ్మా. అయినా ఊరంతా మైకులో విన్నదేనంటున్నారుగా. ఇంకా దాచేదేముంది?"

"ఒకసారి దొంగలు పడిన ఇంటికి ఇంక తలుపు ఉండకూడదా యువరానర్?"

ఆయన చెయ్యి ఒక్క క్షణం నుదుటి మీద ఆగింది. కాని, "కానివ్వండి," అన్నాడు.

హెల్త్ అసిస్టెంటుకి డ్యూటీ ఉందని ముందు అతన్ని ఎక్కించారు. కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా. ఆపరేషను జరిగిన మాట నిజమేనని, రికార్డు ప్రకారం అంతా సవ్యంగా ఉందని చెప్పాడు. లేయా అతనికి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"పోతురాజు పేరు ప్రెసిడెంటు గారికి ఇచ్చింది మీరేనా?"

"అవునండి. ప్రచారం కోసం."

"పోతురాజుని అడిగారా?"

"అడగడం... అలాంటి రూలేం లేదండి."

"ఆపరేషను అయ్యాక కొన్ని నెలల దాకా బిడ్డ కలగవచ్చుననీ, అందాకా జాగ్రత్తగా ఉండాలనీ మీకు తెలుసా?"

అతను తడబడ్డాడు. "తెలుసండి."

"ఆ మాట పోతురాజుకి చెప్పారా?"

"క్యాంపులో ఆ రోజు చాలామంది ఉన్నారండీ. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పడానికి..."

"చెప్పారా, లేదా?"

"లేదండి."

లేయా గొంతు పెంచలేదు. "ఊరికి చెప్పకూడనిది మైకు పెట్టి చెప్పించారు. అతనికి చెప్పి తీరవలసింది చెవిలోనైనా చెప్పలేదు. ఇంకేం అడగను యువరానర్."

హాల్లో దగ్గులు ఆగిపోయాయి. లేయా తన చోటికి వస్తూ పోతురాజు వైపు చూసింది. అతను బల్ల చివర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, హెల్త్ అసిస్టెంటునే చూస్తున్నాడు. ఆ మాట అతను వినడం అదే మొదటిసారి.

తర్వాత అతన్ని పిలిచారు. సన్నగా, ఎండి, నలభైకే యాభై ఉన్నట్టున్నాడు. బోను ఎక్కాడు. అతని ప్లీడరు నేర్పిన పాఠం అడిగితే అప్పజెప్పాడు. తోటలోనే పడుకున్నాను. ఇంటికి పోలేదు. ఆమె ముఖం చూడలేదు. ప్రతి మాటకీ ముందు అన్నల వైపు చూసి మింగుతున్నాడు.

"మీరడగండి," అన్నాడు మేజిస్ట్రేటు.

లేయా లేచింది. కిటికీల దగ్గర తలలు ముందుకు వంగాయి. 'ముఖం చూడలేదు' అన్న మాట ఆమె చెవిలో ఇంకా మోగుతోంది. ఒళ్ళో తలపెట్టి ఏడ్చినవాడు! ఆమె రక్తం ఉడికిపోయింది. నాలిక చివరే ఉంది ప్రశ్న. అడిగితే చాలు. వీడు ఏడుస్తాడు, ఊరు నవ్వుతుంది, కేసు గెలుస్తుంది. నవ్వనీ. రమణమ్మని చూసి నవ్వలేదా?

"మీకు పాకకి అన్నం తెచ్చేది ఎవరు?"

"ఆమేనండి."

"ఒక రోజు మధ్యాహ్నం ఆవిడ అన్నం తెచ్చేటప్పటికి మీరు పాకలో లేరు. పాక వెనక ఉన్నారు."

పోతురాజు చప్పున ఆమె వైపు తిరిగాడు. అతని ముఖంలో రక్తం చుక్క లేదు. కళ్ళు వలలో పడ్డ పిట్ట కళ్ళలా ఉన్నాయి. రెండు చేతులతో బోను కర్ర పట్టుకున్నాడు. ఇదంతా ఈమెకి తెలుసు, ఇంకొక్క మాటలో ఈ జనానికంతటికీ తెలుస్తుందన్నది ఆ చేతుల్లో కనపడింది.

ఎవరో కిటికీ దగ్గర "చెప్పవయ్యా, వెనకేం చేస్తున్నావు?" అన్నారు. నవ్వు.

ఆ నవ్వు లేయా వీపుకి తగిలింది. వరండాలో విన్న నవ్వే. ఈసారి దాన్ని పిలిచింది తనే.

ఆమె అలాగే నిలబడిపోయింది. మేజిస్ట్రేటు కలం ఎత్తి ఎదురుచూస్తున్నాడు. బసవపున్నారావు గారు ముందు వరసలో రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నాడు.

"ఇంకేం అడగను యువరానర్," అంది లేయా, వచ్చి కూర్చుంది.

అవతలి ప్లీడరు సంతోషం పట్టలేక నవ్వాడు. పోతురాజుని దిగమన్నారు. అతను దిగలేదు. బోను కర్ర వదలకుండా రమణమ్మ కూర్చున్న వైపు ఒకసారి, లేయా వైపు ఒకసారి చూశాడు.

"దిగవయ్యా," అన్నాడు బంట్రోతు.

"అయ్యా," అన్నాడు పోతురాజు. "అయ్యా, నేను చెప్పింది అబద్ధమండి."

అన్నలు లేచారు. అతని ప్లీడరు ఏదో అరిచాడు. "నేను ఇంటికి..." అని పోతురాజు మొదలుపెట్టేటప్పటికి మేజిస్ట్రేటు చెయ్యెత్తాడు.

"ఆగు." ఆయన కిటికీల వైపు చూశాడు, నిండిన బల్లల వైపు చూశాడు. అక్కడ ఏం చూడ్డానికి వచ్చారో అప్పుడే కనపడ్డట్టు ఆయన ముఖం ముడుచుకుంది. "హాలు ఖాళీ చేయించండి. కిటికీలు కూడా వెయ్యండి."

జనం సణుక్కుంటూ, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. తలుపులు మూశాక ఉక్క ఇంకా పెరిగింది. పోతురాజు ఒక్క మాటే చెప్పాడు: "ఇంటికి వెళ్ళేవాణ్ణండి. ఆ బిడ్డ నాదే." ఎప్పుడని, ఎలాగని ఎవరూ అడగలేదు. మేజిస్ట్రేటు అంతవరకే రాసుకుని కలం పెట్టేశాడు. నెలనెలా భరణం కట్టాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చాడు.

*

వరండాలో హెల్త్ అసిస్టెంటు లేయాకి ఎదురొచ్చాడు. "నన్ను అందరిలో అలా నిలబెట్టేశారేంటండీ?" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. "మా మంచి ఉద్దేశం చూడాలి గదా. రేపు మా ఆఫీసులో నేనేం ముఖం పెట్టుకుని తిరగాలి?"

లేయా అతన్ని ఎగాదిగా చూసింది. అనడానికి చాలా ఉన్నాయి. "మీ పేరు మైకులో చదవలేదు, సంతోషించండి," అని ముందుకి నడిచింది.

గేటు దగ్గర పోతురాజు భార్య ముందు నిలబడి ఉన్నాడు. అన్నలు ఎప్పుడో వెళ్ళిపోయారు.

"ఇంటికి రా," అంటున్నాడు నేల చూస్తూ. "నాకు తెలీలేదే. వాళ్ళు చెప్పలేదుగా."

"వాళ్ళు చెప్పలేదు. నేను చెప్పానుగా," అంది రమణమ్మ. "ఒట్టు పెట్టుకుని చెప్పాను. నన్ను నమ్మలేదు, మైకుని నమ్మావు."

అతను భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"లోపల తలుపులేసి చెప్పావు, మంచిదే. మన ఊళ్ళో షెడ్డు దగ్గర, పెసిడెంటు ఉన్నప్పుడు, ఆ ఆడాళ్ళందరూ వినేట్టు చెప్పు నీ బిడ్డేనని. అది చెప్పడానికి సిగ్గేం అక్కర్లా. ఆ రోజు వస్తా. అందాకా కోర్టువాళ్ళు చెప్పింది పంపు."

పోతురాజు తల ఊపాడు. చెబుతానన్నాడో, పంపుతానన్నాడో తెలియలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్సుల వైపు వెళ్ళిపోయాడు.

లేయా అతను వెళ్ళిన వైపే చూసింది. గెలిచిన సంగతి ఆ తాటాకు షెడ్డులో ఎవరు చెబుతారు? ఏ కోర్టూ చెప్పదు. ఊరంతా తిరిగొచ్చిన ఒక మాటని వెనక్కి పిలిచే సమను ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రాయకపోతే ఎవరో ఒకరు రాయమని పోట్లాడాలి. ఎన్నేళ్ళు పడుతుందో! ఆ ఆలోచనకే ఆమెకి పళ్ళు బిగుసుకున్నాయి.

ఇద్దరూ పిన్నమ్మ ఇంటి దారి పట్టారు. మామిడి గంపల బళ్ళు ఎదురొస్తుంటే పక్కకి జరుగుతూ, చాలా దూరం నడిచారు. రమణమ్మ ఆయాసం వచ్చి ఒక అరుగు మీద కూర్చుంది.

"అమ్మగారూ," అంది. "పాక వెనక అన్నప్పుడు నా పై ప్రాణం పైనే పోయింది. మీరు చెప్పేస్తారనుకున్నాను."

లేయా ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. వద్దని ఒట్టు వేయించుకున్నంత పని చేసిన మనిషి. తను ఆ మాట అనేసే అంచుదాకా వెళ్ళి వచ్చింది. అడుగు వెనక్కి తీసింది మంచితనంతోనా, ఆ నవ్వు వినడం వల్లనా? నవ్వు వినపడకపోతే?

"నేనూ అనుకున్నాను రమణమ్మా," అంది.

రమణమ్మ ఆమెని చూసింది. తర్వాత అరుగు మీద కొంచెం పక్కకి జరిగి, ఆమెకి చోటిచ్చింది.